కంటికి కానరాని కొఱత

మన సత్రపట్టిలో నేసిన బ్యాండేజి గుడ్డ దేశములోని ఎన్నో ఆసుపత్రులకు పోవుచున్నది. ఆ గుడ్డ ఎవని చేతికైనను కట్టియుండగా చూచినవాడు, “నీ చేతికి ఏమియు కాలేదు, ఊరక నటించుచున్నావు” అని అనడు. బస్సులో లేచి చోటిచ్చును. బరువు మోయనీయడు. కట్టు కనబడుచున్నది గనుక కష్టమును నమ్మినాడు. మఱి కట్టు కట్టుటకు వీలులేని చోట కష్టమున్నవాని మాట యేమి? చెవిలోని నరమునకు, మెదడులోని ఒక మూలకు, రక్తములోని ఒక కణమునకు, మనస్సునకు ఏ మగ్గము మీద గుడ్డ నేయగలము? చూడని కష్టమును నమ్మవలసిన బాధ్యత మనకు ఎంతవఱకు కలదు? ముఖ్యముగా కళాశాలలకు, విశ్వవిద్యాలయములకు ఎంతవఱకు కలదు? ఈ ప్రశ్నను గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను ఎస్.ఎస్.ఎల్.సి. వఱకు చదివి, ఒక నూలుమిల్లు కార్యాలయములో 36 సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవాడను కాను. అయినను దరఖాస్తులు, ధ్రువపత్రములు, హాజరుపట్టీలు, సెలవుచీట్లు నాకు తెలిసినంతగా పెద్ద చదువులవారికి తెలియవేమో. ఈ విషయమున సగము న్యాయము ఆ కాగితముల మధ్యనే చిక్కుకొని యున్నది.

మొదట ఎవరిని గూర్చి మాటలాడుచున్నామో చెప్పుకొందము. వినికిడి తగ్గినవారు, మూర్ఛవ్యాధి కలవారు, చిన్ననాటినుండియే ఇన్సులిన్ మీద బ్రతుకుచున్న మధుమేహ రోగులు, కొన్ని వారములకు ఒకమాఱు రక్తము ఎక్కించుకొనవలసిన తలసీమియా పిల్లలు, మన్నెపు ప్రాంతములలో, ముఖ్యముగా పాడేరు, ఆదిలాబాదు వైపు గిరిజనులలో కనిపించు సికిల్ సెల్ రోగులు, తెలివి యుండియు అక్షరములు పట్టుబడని డిస్‌లెక్సియా గలవారు, వ్రాత సాగని డిస్‌గ్రాఫియా గలవారు, ఆటిజము గలవారు, మనోవ్యాధిచే నలుగుచున్నవారు. వీరు తరగతిలో తక్కినవారివలెనే కూర్చుందురు. ఫోటోలో చూచినచో ఎవరు ఎవరో తెలియదు. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధముల కొఱతలను మాత్రమే లెక్కించినది. 2016లో చేయబడి 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము వానిని 21గా చేసినది. చేరిన వానిలో పెక్కు కంటికి కానరానివే. చట్టమునకు కన్ను తెఱచుకొన్నది. మనకు ఇంకను తెఱచుకొనలేదు.

అష్టావక్రుడు జనకుని సభకు వచ్చినప్పుడు అతని వంకరలను చూచి సభ్యులు నవ్విరని కథగా చెప్పుకొందురు. అది అన్యాయమే. కాని ఆ నవ్వులో ఒక విధమైన ఒప్పుకోలు కూడ కలదు. ఇతని దేహము వంకరగా నున్నదని అందఱును అంగీకరించిరి. దానికి బదులుగా అతడు తన విద్యను చూపి సభను గెలువగలిగెను. కంటికి కానరాని కొఱత గలవాడు సభకు వచ్చినచో ఎవ్వరును నవ్వరు. అనుమానింతురు. “సోమరి,” “నాటకమాడుచున్నాడు,” “ఇంటిలో గారాబము ఎక్కువ” అందురు. నవ్వునకు విద్యతో బదులు చెప్పవచ్చును. అనుమానమునకు దేనితో చెప్పవలెను? బాగుగా చదివినచో, “చూచితిరా, వీనికి ఏ రోగమును లేదు” అందురు. చదువలేకపోయినచో, “వీనికి ఇంతే” అందురు. రెండు విధములను ఓటమియే.

మన పూర్వులు జ్ఞానమునకు సాధనములను ప్రమాణములనిరి. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు నాలుగు చెప్పిరి. ప్రత్యక్షమొక్కటే ప్రమాణమన్నవారు చార్వాకులు. నేను ఎఱిగినంతలో మన కార్యాలయములన్నియు చార్వాక మతమునకు చెందినవే. కంటికి కనబడినది కలదు, కనబడనిది లేదు, కనబడనిదానికి మూడు ప్రతులలో సంతకము కావలెను. కాని నొప్పి యనునది పడువానికి మాత్రమే ప్రత్యక్షము. తక్కినవారికి అది ఎన్నటికిని ప్రత్యక్షము కాజాలదు. పంటినొప్పి కూడ అంతే. మనకు మిగిలినవి రెండే దారులు. వైద్యుడు పరీక్షలవలన అనుమానించి చెప్పునది ఒకటి. పడువాడు తానే చెప్పునది రెండవది. ఉన్నదానిని ఉన్నట్లు ఎఱిగి, ఉన్నట్లు చెప్పదలచినవానిని ఆప్తుడందురు. తన నొప్పి విషయమున రోగికంటె బాగుగా ఎఱిగినవాడు లేడు. కావున అబద్ధమాడుచున్నాడనుటకు కారణము కనబడువఱకు అతడే ఆప్తుడు. అతని మాటను మొదటినుండియే అబద్ధముగా భావించుట జాగ్రత్త కాదు, తర్కదోషము.

అబద్ధమాడువారు లేరా యని అడుగుదురు. ఉన్నారు. సెలవుచీటీకి జతచేసిన వైద్యుని కాగితములను నేను వేలకొలది చూచినాను. సరిగా పండుగ ముందునాడు జ్వరము వచ్చి, పండుగ మఱునాడు తగ్గినవి వానిలో ఎన్నియో కలవు. 2024లో సివిల్ సర్వీసులకు ఎంపికయిన ఒక అభ్యర్థి వైకల్య ధ్రువపత్రములపై దేశమంతటను పెద్ద వివాదము రేగినది. అప్పటినుండి ఈ విషయము ఎత్తినచో, “అవన్నియు దొంగపత్రములు” అనువారు ఎక్కువైనారు. కాని లెక్క చూడుడు. ఒక దొంగను పట్టుటకై తొమ్మండుగురు నిజమైన రోగులను మాటిమాటికి నిలబెట్టి ప్రశ్నించుటలో ఆ దొంగకు కలుగు నష్టము స్వల్పము. అతడు కాగితములు సంపాదించుటలో నేర్పరి. చిక్కువడునది కాగితములు సంపాదించు నేర్పు లేనివాడే. నాబోటి పింఛనుదారుడు తాను బ్రతికియున్నట్లు సంవత్సరమునకు ఒకమాఱు ఋజువు చేసికొన్న చాలును. సాధారణముగా ఏ తిరోగమనమును లేని కొఱత గల విద్యార్థి మాత్రము ప్రతి పరీక్షకును, ప్రతి అధ్యాపకునికిని, కొన్నిచోట్ల ప్రతి పరీక్షాకేంద్రపు ద్వారమునొద్దను తన కొఱత ఇంకను బ్రతికియున్నదని నిరూపించుకొనవలెను. చచ్చిన మనుష్యుడు తిరిగి లేవడు గాని, పుట్టుకతో వచ్చిన డిస్‌గ్రాఫియా పోయిన ఆఱు నెలలలో మాయమై యుండునేమో యని మన కార్యాలయములకు సందేహము!

సుప్రీంకోర్టు 2021లో ఇట్టి రెండు వ్యాజ్యములను విన్నది. ఒకటి ఒక వైద్య పట్టభద్రునిది. వ్రాయుటకు పూనుకొనగానే చేతివేళ్లు బిగుసుకొనిపోవు వ్యాధి అతనికి కలదు. సివిల్ సర్వీసుల పరీక్షకు వ్రాయసకానిని కోరినాడు. కొఱత నూటికి 40 పాళ్లు ఉన్నవారికి మాత్రమే ఆ సదుపాయమని నిబంధన అడ్డు వచ్చినది. 2021 ఫిబ్రవరి 11న వెలువడిన తీర్పు చెప్పిన సూక్ష్మము ఇది: రిజర్వేషను పొందుటకు 40 శాతము కావలసి యుండవచ్చును గాని, న్యాయమైన సర్దుబాటు పొందుటకు ఆ గీత అవసరము లేదు. ఒకటి స్థానముల పంపకము, రెండవది దారిలోని ముల్లు తీయుట. ముల్లు తీయుటకు కాలు ఎన్ని పాళ్లు తెగినదో కొలువవలసిన పనిలేదు గదా. ఆ తీర్పు ఫలితముగా కేంద్రప్రభుత్వము 2022 ఆగష్టు 10న, 40 శాతమునకు తక్కువ కొఱత యుండి వ్రాయుటలో ఇబ్బంది గలవారికై ప్రత్యేకముగా నియమములను ప్రకటించినది.

రెండవది వైద్య ప్రవేశపరీక్ష వ్రాసిన ఒక బాలికది. డిస్‌గ్రాఫియా కలదు, ధ్రువపత్రము కలదు, మూడుగంటల పరీక్షకు ఒక గంట అదనముగా ఇయ్యవలెనని నియమము కలదు. 2021 సెప్టెంబరు 12న పరీక్షాకేంద్రమువారు ఆ గంట ఇయ్యక కాగితమును లాగికొనిరి. నవంబరు 23న కోర్టు అది అన్యాయమని తేల్చినది. కాని లక్షలమంది వ్రాసిన పరీక్షను ఒక్కరికై తిరిగి పెట్టుమని ఆజ్ఞాపింపలేదు. జరిగిన అన్యాయమును ఎట్లు సరిదిద్దవలెనో ఒక వారములో ఆలోచింపుమని పరీక్షా సంస్థకు చెప్పినది. నాకు ఈ వ్యాజ్యము మొదటిదానికంటె ఎక్కువ బాధ కలిగించుచున్నది. ఇచ్చట చట్టము తప్పు చేయలేదు. నియమము తప్పు చేయలేదు. ఆ గదిలో నిలుచున్న పర్యవేక్షకునికి ఎవరును ఆ నియమమును చెప్పలేదు, అంతే. గంటసేపటి న్యాయము ఢిల్లీనుండి ఆ గదివఱకు వచ్చి గడప దాటలేకపోయినది.

తమిళదేశమున నున్న తెలుగువారము గనుక మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. దీనిని గూర్చి ఎవరును వ్రాయగా నేను చూడలేదు. మన ఇండ్లలో మాట తెలుగు, వ్రాత తమిళము, పై చదువు ఆంగ్లము. 2006 నాటి చట్టమువలన పాఠశాలలలో తమిళము క్రమక్రమముగా తప్పనిసరి పాఠ్యాంశమైనది. మన పిల్లవాడు అక్షరములను తాఱుమాఱు చేసినచో ఉపాధ్యాయుడు, “ఇంటిలో తెలుగు మాటలాడుదురు గదా, అందువలన” అనును. తండ్రి, “బడిలో తెలుగు చెప్పరు గదా, అందువలన” అనును. ఇద్దఱును భాషమీద నేరము మోపి ఊరకుందురు. మూడు భాషలలోను అదే తప్పు చేయుచున్నాడని ఎవరును పోల్చి చూడరు. తెలివిగల పిల్లవాడైనచో జ్ఞాపకశక్తితో నెట్టుకొని కళాశాలవఱకు వచ్చును. అచ్చట పుస్తకములు లావైనప్పుడు ఒక్కసారిగా కూలిపోవును. మొదటి సంవత్సరమున తప్పిన కుఱ్ఱవానిని ఇంటివారు తిట్టుదురు, “పట్నపు గాలి సోకినది” అని. 2016 చట్టము ఇట్టివారికి రెండవ, మూడవ భాషలనుండి మినహాయింపు వఱకు ఈయవచ్చునని స్పష్టముగా చెప్పుచున్నది. మన భాష నిలువవలెనని నేను ప్రతి సంచికలోను మొఱపెట్టుకొనువాడనే. అయినను ఒక బిడ్డకు అక్షరమే శత్రువైనప్పుడు మఱియొక లిపిని వాని నెత్తిమీద పెట్టుట భాషాభిమానము కాదని నా అభిప్రాయము. తెలుగును వానికి చెవిద్వారా నేర్పుదము. పద్యము పుట్టినది చెవికే.

చెవి యనగానే జ్ఞాపకమునకు వచ్చినది. మరమగ్గముల చప్పుడులో ఇరువది ముప్పది యేండ్లు నిలిచినవారికి వినికిడి మందగించును. మన ఊరిలో అందఱును బిగ్గఱగా మాటలాడుదురు గనుక ఆ లోపము ఎవ్వరికిని తెలియదు. రాజపాళెపు తెల్లని వేటకుక్కలలో కొన్నింటికి పుట్టుకతోనే చెవులు వినిపింపవు. కొనువాడు పిల్ల వెనుక చప్పట్లు కొట్టి చూచి గాని రూపాయలు తీయడు. కుక్కపిల్లకు చూపు ఆ మాత్రపు శ్రద్ధ మన పిల్లల చెవులకు ఎంతమంది చూపుచున్నాము? బీథోవెన్ అను జర్మను సంగీత విద్వాంసుడు 1802లో తన సోదరులకు వ్రాసిన లేఖ ఒకటి అతని మరణానంతరము దొరకినది. తాను మనుష్యులకు దూరముగా తిరుగుచున్నది గర్వమువలన కాదనియు, వినిపించుటలేదని చెప్పుకొనలేక పోవుటవలననే యనియు అందులో మొఱపెట్టుకొన్నాడు. సంగీత విద్వాంసుడే చెవుల మాట చెప్పుకొనలేకపోయెను గదా, పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు వెనుక వరుసలోనుండి లేచి, “అయ్యా, నాకు వినబడలేదు” అని ఎట్లు చెప్పును?

ఈ విషయమున మనకు దగ్గఱలోనే మంచి ఉదాహరణము కలదు. శ్రీవిల్లిపుత్తూరు దాటిన పిమ్మట కృష్ణన్‌కోయిలలో 1984లో ఇంజనీరింగు కళాశాలగా మొదలై ఇప్పుడు విశ్వవిద్యాలయ హోదా పొందిన కలశలింగం సంస్థలో, వినికిడి, మాట లోపించిన విద్యార్థులకై ప్రత్యేకముగా ఇంజనీరింగు పట్టపు చదువు ఏర్పఱచినారు. ఇంజనీరింగు చదువునకు చెవి అవసరమా యని ఎవరో ఒకరు మొదట ప్రశ్నించుకొని యుండవలెను. అవసరమైనది పాఠము, చెవి దానికి వచ్చు దారులలో ఒకటి మాత్రమే. ఆ ప్రశ్న వేసికొనుటయే పెద్ద అడుగు.

మూర్ఛవ్యాధి మాట వేఱు. అచ్చట దాచునది విద్యార్థి కాదు, కుటుంబము. పెండ్లి కాదను భయము. ఆ భయము ఊరక పుట్టినది కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టములో 1976 నాటి సవరణవలన మూర్ఛను వివాహమునకు ఒక అడ్డంకిగా చేర్చిరి. 1999లో గాని దానిని తొలగింపలేదు. చట్టము మఱచినను సంబంధములు చూచువారు మఱువలేదు. నాకు తెలిసిన ఒక ఇంటి పిల్లవాడు దూరపు కళాశాలలో చేరునప్పుడు అతని తల్లి మందుసీసాలమీది చీట్లను గోటితో గీకివేసి పెట్టెలో సర్దినది. హాస్టలులో ఒక రాత్రి అతడు పడిపోయినప్పుడు గదిలోనివారికి ఏమి చేయవలెనో తెలియక, ఇనుప తాళపుచెవుల గుత్తిని చేతిలో పెట్టి, కాళ్లు చేతులు అదిమిపట్టిరట. ప్రక్కకు ఒత్తిగిలజేసి, తలక్రింద మెత్తనిది ఉంచి, అదిమిపట్టక, నోటిలో ఏమియు పెట్టక, ఎంతసేపు వచ్చినదో గడియారము చూచుచు, అయిదు నిమిషములు దాటినచో వైద్యుని పిలువవలెనని ఒక్క కాగితము గోడమీద నున్నచో చాలును. అది ఏ విద్యార్థి పేరును బయటపెట్టదు. సహాయమునకు ఎల్లప్పుడును రహస్యము విప్పవలసిన పనిలేదనుటకు దీనిని చెప్పుచున్నాను. 2017లో కేంద్రీయ మాధ్యమిక విద్యాబోర్డు మధుమేహము గల పిల్లలు పరీక్షాగదిలోనికి మాత్రలు, పండ్లు, తినుబండారములు తీసికొనిపోవచ్చునని అనుమతించినది. ఖర్చు శూన్యము. ప్రాణము మాత్రము దక్కును.

మనస్సునకు కలుగు వ్యాధిని గూర్చి వ్రాయుటకు నా కలము వెనుకాడుచున్నది. విశాఖపట్టణమున వైద్య ప్రవేశపరీక్షకు చదువుచున్న పదునేడేండ్ల బాలిక 2023లో మరణించినది. ఆమె తండ్రి న్యాయస్థానములకు ఎక్కగా సుప్రీంకోర్టు 2025 జులై 25న ఆ మరణ విచారణను సి.బి.ఐ.కి అప్పగించుటయే గాక, దేశములోని విద్యాసంస్థలన్నింటికిని 15 సూత్రములను విధించినది. నూఱుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి సంస్థయు శిక్షణ పొందిన మనస్తత్వ సలహాదారును నియమింపవలెనని వానిలో నొకటి. మంచిదే. కాని సలహాదారుని గది ప్రిన్సిపాలుగారి గదికి ఎదురుగా నున్నచో ఎవరు పోవుదురు?

ఇక తోటి విద్యార్థులు లేవనెత్తు ఆక్షేపణ. “వానికి నాలుగు గంటలు, నాకు మూడు గంటలు, ఇది సమానత్వమా?” ఇది అసూయతో అడిగిన ప్రశ్న కాదు, దీనికి మర్యాదగా సమాధానము చెప్పవలెను. గుంటమగ్గము దగ్గఱ కాళ్లు అందని కుఱ్ఱవానికి పీట వేసి కూర్చుండబెట్టుదురు. గుడ్డ కొనువాడు గుడ్డను కొలుచును, నూలు లెక్కించును గాని, నేసినవాడు ఎంత ఎత్తు పీటమీద కూర్చుండెనని అడుగడు. చరిత్ర పరీక్షలో కొలువదలచినది చరిత్ర జ్ఞానమైనచో, చేతివ్రాత వేగమును దానితో కలిపి తూచుట తప్పుడు తూకము. అందఱికిని ఒకే తప్పుడు తూకము వాడినంతమాత్రమున అది సరియైన తూకము కాదు. కాని వేగమే కొలువవలసిన గుణమైన చోట్లు కూడ కలవు. రైలు నడుపువాడు ఎఱ్ఱదీపమును చూచి ఆగుటకు అదనపు కాలము కోరరాదు. చట్టము కూడ సంస్థపై మితిమీఱిన భారము పడని సర్దుబాటునే కోరుచున్నది. ఎక్కడ ఏది కొలుచుచున్నామో అధ్యాపకులు ముందుగా తేల్చుకొనవలెను. ఎక్కువమంది తేల్చుకొనలేదని నా అనుమానము. మూడు గంటలు ఏల యని అడిగినచో, ఎప్పుడును మూడు గంటలే అందురు.

రామానుజన్ కథ మన ప్రాంతమునదే. ఆయనకు ఇట్టి కొఱత ఏదో యుండెనని చెప్పుట నా ఉద్దేశము కాదు. చనిపోయినవారికి రోగములు అంటగట్టుట నాకు నచ్చదు. కాని గణితము తప్ప తక్కిన పాఠములు సాగనందున కుంభకోణపు కళాశాలలో ఉపకారవేతనము పోయినది, మదరాసులో ఎఫ్.ఏ. పరీక్షయు తప్పినది. కొన్ని యేండ్లకు కేంబ్రిడ్జి ఆ పరీక్షలను అడుగక చేర్చుకొని, 1916లో ఆయన పరిశోధనను చూచియే బి.ఏ. పట్టమిచ్చినది. మనుష్యుడు ఒక్కడే. ఇచ్చట తూచిన రాయి వేఱు, అచ్చట తూచిన రాయి వేఱు.

అందువలన విశ్వవిద్యాలయములను నేను కోరునది కరుణ కాదు, క్రమము. విద్యార్థి ఒక్కచోట, ఒక్కమాఱు, తలుపు మూసిన గదిలో, ఒక్కరికి చెప్పవలెను. ఆ ఒక్కరు కాగితములను చూచి తేల్చవలెను. అటుపిమ్మట అధ్యాపకునికి అందవలసినది వ్యాధి పేరు కాదు, చేయవలసిన పని మాత్రమే. “ఈ విద్యార్థికి గంటకు 20 నిమిషములు అదనము,” “ఈ విద్యార్థిని రక్తము ఎక్కించుకొను దినములను గైరుహాజరుగా లెక్కింపరాదు,” అంతే. నూటికి 75 దినముల హాజరు నియమము సోమరులకై పెట్టినది, ఆసుపత్రి మంచముమీద నున్నవానికై కాదు. ఏ వ్యాధి యని అడుగు కుతూహలమును అధ్యాపకులు అణచుకొనవలెను. ఆ కుతూహలము ఎంత బలమైనదో గుమాస్తాలకు తెలిసినంతగా ఎవరికి తెలియును! సెలవుచీటీలోని రోగము పేరు మధ్యాహ్న భోజనపు వేళకు కార్యాలయమంతయు తిరిగి వచ్చును.

ఈ పని మనవారినుండియే ఆరంభింపవచ్చునని నా మనవి. మన సంఘము ఏటేట విద్యార్థులకు ఇచ్చు ఉపకారవేతనపు దరఖాస్తులో తండ్రి పేరు, ఆదాయము, మార్కులు అడుగు గళ్లు కలవు. “చదువులో మీకు ఏ సదుపాయమైనను కావలెనా? వేఱు కవరులో వ్రాసి అంటించి పంపవచ్చును” అను ఒక వరుసను చేర్చినచో, ఆ కవరును ఒక్క వైద్యుడు మాత్రమే విప్పునట్లు ఏర్పాటు చేసినచో బాగుండునని చెప్పితిని. కమిటీలో ఒక పెద్దలు, “అట్లడిగినచో అందఱును ఏదో ఒకటి వ్రాయుదురు” అనిరి. ఇంకొకరు, “ఒక్కరును వ్రాయరు, మనవారికి సిగ్గు” అనిరి. ఇద్దఱి మాటయు ఒక్కసారి నిజము కాజాలదు గనుక, ఒక యేడు పెట్టి చూచి ఎన్ని కవరులు వచ్చునో లెక్కింతమని నేనంటిని. కార్యదర్శిగారు దీనిని వచ్చు సమావేశములో చర్చకు పెట్టుదుమనిరి.